ఉత్తుత్తి గాయం, నిజం గాయం: విదేశీ దళాలతో జరిగే ఉగ్రవాద వ్యతిరేక విన్యాసాలకు వైద్య బృందాన్ని సిద్ధం చేయడం ఎలా?

ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి సుబేదార్‌గా బయటికొచ్చాను. ఇప్పుడు చెన్నై ఆవడిలో ఉంటూ అంబులెన్స్ సిబ్బందికి శిక్షణ ఇస్తున్నాను. నెలకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి ఒకే మాట అడుగుతుంటారు. యూనిట్‌లో ఉన్న కుర్రాళ్లయితే, "జాయింట్ ఎక్సర్‌సైజ్ వచ్చింది సాబ్, మెడికల్ కవర్ మాదే. ఎక్కడ మొదలుపెట్టాలి?" అంటారు. ప్రైవేటు ఆసుపత్రుల్లో చేసే మన తెలుగు పిల్లలయితే, "మా దగ్గర రెండు అంబులెన్సులు అడిగారు సార్, ఏం తీసుకెళ్లాలి?" అంటారు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతున్నారు కాబట్టి వరుసగా రాస్తున్నాను.

ఇందులో ఆయుధాల గురించీ వ్యూహాల గురించీ ఏమీ ఉండదు. పడిపోయినవాణ్ణి లేపడం వరకే నా పని.

## 1. ముందు రెండు పనుల్ని విడదీయండి

విన్యాసంలో వైద్య బృందానికి రెండు పనులు ఉంటాయి. మొదటిది, గాయపడినట్టు నటించేవాళ్లకు చికిత్స చేసినట్టు సాధన చేయడం. రెండోది, అక్కడికొచ్చిన వందలమందిలో నిజంగా ఎవరికైనా ఏదైనా అయితే కాపాడడం.

చూసేవాళ్లకూ ఫొటోలు తీసేవాళ్లకూ మొదటి పనే కనిపిస్తుంది. ప్రాణాలు పోయేది మాత్రం రెండోదాంట్లో. అందుకే మొదటి రోజే టీమ్‌ను రెండుగా చీల్చండి. సాధన టీమ్ వేరు, అసలు టీమ్ వేరు. అసలు టీమ్ ఏ డ్రిల్లులోనూ వేలు పెట్టకూడదు. మనుషులు చాలడం లేదని ఎవరైనా పెద్ద అధికారి అడిగినా సరే, అసలు అంబులెన్సును ఉత్తుత్తి పేషెంటుకు ఇవ్వొద్దు.

రాతపూర్వకంగా తీసుకోవాల్సింది ఇంకొకటుంది. విన్యాసాన్ని ఎక్కడికక్కడ ఆపించే అధికారం మెడికల్ ఆఫీసర్‌కు ఉండాలి. నోటిమాటగా అందరూ "అలాగే డాక్టర్ సాబ్" అంటారు. హెలికాప్టర్ గాల్లో ఉండగా ఆపమంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

## 2. రెండు నెలల ముందు: కాగితాలు

ఇది విసుగు పుట్టించే భాగమే. కానీ ఆఖరి వారంలో కొంప ముంచేది కూడా ఇదే.

- ఎవరి సైనికుణ్ణి ఎవరు ముట్టుకోవచ్చు? విదేశీ డాక్టరు తన దేశం వాళ్లకు చికిత్స చేయడం ఒక సంగతి, మనవాళ్లకు చేయడం ఇంకో సంగతి. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఎవరు దగ్గరుంటే వాళ్లు, మిగతా వేళల్లో ఎవరి మనుషులను వాళ్లు అని ముందే రాసుకోండి.
- విదేశీ బృందం తెచ్చే మందుల పూర్తి జాబితా. నొప్పికీ మత్తుకూ వాడే కెటమిన్, ఫెంటనిల్, మార్ఫిన్ వాళ్ల కిట్లలో మామూలుగానే ఉంటాయి. ఇవి మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి. నొప్పి మందు ట్రమడాల్‌ను కూడా 2018లో అందులో చేర్చారు. అనుమతి లేకుండా విమానాశ్రయంలో దిగితే పెట్టె కస్టమ్స్‌లో, టీమ్ గ్రౌండులో.
- ప్రతి మనిషికీ ఒక చీటీ: బ్లడ్ గ్రూపు, అలర్జీలు, రోజూ వేసుకునే మందులు, టీటీ ఎప్పుడు వేయించుకున్నాడు, అత్యవసరంలో ఎవరికి చెప్పాలి.
- మనదైన మిలిటరీ హాస్పిటల్ కాక, నగరంలో ఇంకా ఏ ఆసుపత్రులకు పంపుతామో వాళ్లతో ముందస్తు ఒప్పందం. బ్లడ్ బ్యాంకుతో కూడా.

అలర్జీల గురించి అడిగేటప్పుడు మందులతో ఆపేయకండి. వేరుశనగ గింజ తింటే గొంతు వాచిపోయేవాళ్లు విదేశీ దళాల్లో ఉండొచ్చు. మన మెస్సులో పల్లీ చట్నీ లేని రోజు ఉంటుందా?

## 3. స్థలం చూసి రావడం

మ్యాపు మీద చూస్తే చాలదు. విన్యాసం ఏ వేళకు జరుగుతుందో అదే వేళకు, అదే వారంలో, అంబులెన్సు ఎక్కి మీరే తిరిగి రావాలి. చెన్నైలో ఉదయం 6 గంటల ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వేరు, శనివారం సాయంత్రం మామల్లపురం వైపు జనం పోయే ఈసీఆర్ వేరు. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు సంగతి ఐటీ వాళ్లను అడగండి, ఏడుస్తూ చెప్తారు.

ఏ గాయానికి ఎక్కడికో ఒక పట్టీ తయారుచేసి ప్రతి డ్రైవరు ముందు అద్దానికి అతికించండి. సైన్యం వాళ్లకు మామూలుగా పరంగిమలై దగ్గరి మిలిటరీ హాస్పిటల్. పెద్ద కాలిన గాయాలకు కీళ్పాక్ మెడికల్ కాలేజీ. చెయ్యి నలిగినా, వేళ్లు తెగినా స్టాన్లీ ఆసుపత్రి చేతి శస్త్రచికిత్స విభాగం. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రి ఎలాగూ ఉంది. ప్రతి దానికీ రెండో దారి కూడా రాయండి.

స్థలంలో చూడాల్సినవి:

- అంబులెన్సు వెనక్కి తిప్పకుండా నేరుగా బయటికి పోయే దారి ఉందా? ఇసుకలో చక్రం దిగబడుతుందా?
- హెలికాప్టర్ దిగే చోటు దగ్గర వదులు రేకులు, టార్పాలిన్లు, ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయా? గాలికి లేస్తే అవే ఆయుధాలు.
- నీడ ఎక్కడ? మధ్యాహ్నం రెండింటికి నీడ ఎక్కడ ఉంటుందో చూడాలి, ఉదయం ఉన్న చోటు కాదు.
- మొబైల్ సిగ్నల్ ఎక్కడెక్కడ పోతుంది? భవనాల్లో డ్రిల్లు అయితే నేలమాళిగలో వైర్‌లెస్ పలుకుతుందా?
- పొదలు, రాళ్ల గుట్టలు, పాడుబడ్డ గదులు. పాములు ఉంటాయనుకునే వెళ్లండి.

## 4. కిట్: రెండు రంగులు, కలవని పెట్టెలు

టూర్నికెట్ అంటే రక్తం ఆపడానికి చేతికో కాలికో కట్టి, చిన్న కర్రతో మెలితిప్పి బిగించే పట్టీ. శిక్షణ టూర్నికెట్ నీలం రంగులో ఉంటుంది. అసలుది నలుపో నారింజో ఉంటుంది. ఈ తేడా ఊరికే పెట్టలేదు. పదేపదే బిగించి వదిలిన టూర్నికెట్ పట్టీ సాగుతుంది, కర్ర బలహీనపడుతుంది. అలాంటిదాన్ని నిజం గాయానికి వాడితే మెలితిప్పేటప్పుడు చేతిలోనే విరగొచ్చు.

అదే పద్ధతి మొత్తం కిట్‌కు పెట్టండి. శిక్షణ సామాను మొత్తానికి నీలం టేపు చుట్టండి. గడువు తీరిన సెలైన్లు, ఖాళీ ఇంజెక్షన్లు సాధనకు వాడతారు కదా, వాటి మీద 'శిక్షణకు మాత్రమే' అని పెద్దక్షరాలతో రాయండి. ఇంగ్లిషులోనూ, వచ్చిన దేశం భాషలోనూ కూడా. అసలు పెట్టెలు ఎరుపు, తాళం వేసి ఉండాలి, తాళం చెవి అసలు టీమ్ దగ్గరే ఉండాలి.

అసలు పెట్టెలో ఏముండాలో మీ మెడికల్ ఆఫీసర్ చెప్తారు. నేను అదనంగా అడిగేవి ఇవి: గట్టి కంటి కవచాలు, మలద్వారంలో పెట్టి చూసే థర్మామీటరు, పెద్ద టార్పాలిన్లు రెండు, పాము విషానికి విరుగుడు మందు కనీసం 20 వయల్స్, గ్లూకోమీటరు, దుప్పట్లు. చెన్నైలో దుప్పటెందుకని నవ్వకండి. రక్తం పోయిన మనిషిని ఏసీ అంబులెన్సులో వేసి తీసుకెళ్తే ఒళ్లు చల్లబడుతుంది. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టడం తగ్గుతుంది. డ్రైవరుకు ఉక్కపోస్తే పోయనివ్వండి, ఏసీ ఆపించండి.

## 5. భాష, కొలతలు, పేర్లు: గొడవంతా ఇక్కడే

ఇంగ్లిష్ అందరికీ వచ్చు కదా అనుకుంటారు. చిక్కు భాషలో తక్కువ, అంకెల్లో ఎక్కువ.

రక్తంలో చక్కెర. మనం మిల్లీగ్రాముల్లో చెప్తాం, చాలా దేశాలవాళ్లు మిల్లీమోల్స్‌లో చెప్తారు. వాళ్ల 5.5 అంటే మన 99. వాళ్ల అంకెను 18తో గుణించాలి. "షుగర్ ఐదు" అని వైర్‌లెస్‌లో వినగానే మా కుర్రాడొకడు గ్లూకోజ్ సీసా పట్టుకుని పరుగెత్తాడు. అక్కడ పేషెంటు హాయిగా కూర్చుని నీళ్లు తాగుతున్నాడు.

జ్వరం. అమెరికన్లు ఫారెన్‌హీట్. వాళ్ల 104 మన 40.

బ్లడ్ గ్రూపు. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ లాంటి దేశాల్లో పాత సోవియట్ పద్ధతి ఇంకా ఉంది. గ్రూపును రోమన్ అంకెతో రాస్తారు. ఒకటి అంటే ఓ, రెండు అంటే ఏ, మూడు అంటే బీ, నాలుగు అంటే ఏబీ. మెడలో బిళ్ల మీద ఏది రాసున్నా సరే, బ్లడ్ బ్యాంకులో క్రాస్‌మ్యాచ్ (రక్తం సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) చేయకుండా బిళ్లను నమ్మి రక్తం ఎక్కించే ఆలోచనే వద్దు.

మందుల పేర్లు. మన పారాసెటమాల్ అమెరికన్ల ఎసిటమినోఫెన్. మన ఎడ్రినలిన్ వాళ్ల ఎపినెఫ్రిన్. మన సాల్బుటమాల్ వాళ్ల ఆల్బుటెరాల్. రెండు వరుసల పట్టీ ప్రింట్ తీసి ప్రతి బ్యాగులో పెట్టండి. లేకపోతే ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు పడుతుంది.

ఆక్సిజన్ సిలిండరు. మనది నల్ల ఒళ్లు, తెల్ల భుజం. అమెరికన్లది ఆకుపచ్చ. రంగు చూసి కాదు, పేరు చదివి తీసుకోవాలి. వాళ్ల రెగ్యులేటరు మన సిలిండరుకు పడుతుందో లేదో ముందురోజే బిగించి చూడండి.

కరెంటు. 120 వోల్టుల సక్షన్ మెషీన్‌ను మన 230 ప్లగ్గులో పెడితే ఏమవుతుందో పొగ వచ్చాక తెలుస్తుంది. కన్వర్టర్ ఉందా అని అడగండి.

టైము. టూర్నికెట్ మీద కట్టిన టైము రాస్తాం. వాళ్లు జూలూ టైము, అంటే గ్రీన్‌విచ్ టైము రాస్తే మన టైముకు ఐదున్నర గంటల తేడా. మైదానంలో అందరూ భారత కాలమానమే వాడాలని మొదటి బ్రీఫింగులోనే తేల్చేయండి.

వైర్‌లెస్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. అంకెలు విడివిడిగా పలకమనండి: వన్ ఫైవ్, ఫైవ్ జీరో.

## 6. 'ఇది నిజం' అని చెప్పే మాట

విన్యాసమంతా అరుపులు, పొగ, "మెడిక్! మెడిక్!" అనే కేకలు. ఆ గోలలో ఒకడికి నిజంగానే కాలు విరిగితే ఎలా తెలుస్తుంది?

బ్రిటిష్ సంప్రదాయంలో పెరిగిన సైన్యాలు 'నో డఫ్' అంటాయి. అమెరికన్లు 'రియల్ వరల్డ్' అంటారు. రెండూ వాడితే ఒకటి వినిపించినప్పుడు సగంమందికి అర్థం కాదు. ఏదో ఒకటే ఖాయం చేయండి. మూడుసార్లు వరుసగా పలకాలి. ఆ మాట వినగానే కాల్పులు ఆగాలి, నటన ఆగాలి, ఛానెల్ ఖాళీ కావాలి.

వంటవాళ్లకు, డ్రైవర్లకు, నటించడానికి వచ్చిన కాలేజీ పిల్లలకు కూడా ఈ మాట రావాలి. గొంతు పెగలనివాడి కోసం ఒక చప్పుడు కూడా ఉండాలి. నేను మూడు పొడుగాటి విజిల్స్ పెట్టిస్తాను, ప్రతి ఒక్కరి మెడలో ఒక విజిల్ వేలాడుతుంది. రిహార్సల్లో కనీసం రెండుసార్లు చెప్పకుండా వాడి చూడండి. ఎంతసేపట్లో మైదానం నిశ్శబ్దం అవుతుందో గడియారం పెట్టి చూడండి.

## 7. ఉత్తుత్తి క్షతగాత్రులను తయారుచేయడం

ఎన్‌సీసీ పిల్లలో, నర్సింగ్ విద్యార్థులో ఈ పనికి వస్తారు. ఉత్సాహం ఎక్కువ, టిఫిన్ తినడం తక్కువ. వాళ్లు కూడా మీ బాధ్యతే.

ఒకసారి ఈసీఆర్ పక్క మైదానంలో ఒక మాక్ డ్రిల్లు. ఊరూ పేరూ ఎందుకులెండి. ఒక నర్సింగ్ అమ్మాయి మెడలో వేలాడే కార్డు మీద 'స్పృహ లేదు' అని రాసుంది. ఆ అమ్మాయి అలాగే పడుకుంది. ఒకడొచ్చి కార్డు చదివి, మాటకు పలకదని రాసుకుని వెళ్లాడు. ఇంకొకడొచ్చి బాగా నటిస్తోందని మెచ్చుకున్నాడు. ఇరవై నిమిషాలు ఎర్రటి ఎండ. నేను అటుగా పోతుంటే చూశాను, మిగతా వాళ్లందరి మొహాల మీదా రంగు చెమటకు కారిపోతోంది, ఈమె మొహం మీద మాత్రం ఎండిపోయి పొలుసులు లేచింది. చెమటే లేదు. పిలిస్తే పలకలేదు, గిల్లితే మూలిగింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని తర్వాత స్నేహితురాలు చెప్పింది. నీడలోకి లాగి నీళ్లు కుమ్మరించాక పది నిమిషాలకు కళ్లు తెరిచి, "అన్నా, డ్రిల్ అయిపోయిందా?" అంది.

ఆ రోజు నుంచి నా దగ్గర కొన్ని నియమాలు:

- స్పృహ లేనట్టు పడుకోవాల్సిన పాత్రలను బొమ్మలకే ఇవ్వండి. మనిషికే ఇవ్వాల్సొస్తే నీడలో, పక్కన ఒక కాపలా మనిషితో.
- ఎవరూ 15 నిమిషాలు మించి ఎండలో పడుకోకూడదు.
- టిఫిన్ తిన్నారా, నీళ్లు తాగారా, నెలసరి ఇబ్బంది ఉందా, ఆస్తమా ఉందా? ఆడపిల్లలను ఆడ సిబ్బందే అడగాలి.
- నటించేవాళ్ల కార్డుకు వెనకవైపు వాళ్ల నిజమైన అలర్జీలు, బ్లడ్ గ్రూపు ఉండాలి.
- మనిషి ఒంటి మీద అసలు సూది పెట్టకూడదు. టూర్నికెట్‌ను నాడి ఆగేంత బిగించే సాధన బొమ్మ కాలి మీదే చేయాలి.

రక్తం రంగు సంగతి కూడా చెప్పాలి. బెల్లం పాకంలో కుంకుమ కలిపితే చూడ్డానికి అచ్చం రక్తంలా ఉంటుంది. పది నిమిషాల్లో చీమలు కూడా వస్తాయి, 'శవం' లేచి డ్యాన్స్ చేస్తుంది. గ్లిజరిన్‌లో ఫుడ్ కలర్ కలపండి.

## 8. ఎండ, ఉక్క, నీళ్లు

2023లో మన కమాండో దళం ఎన్‌ఎస్‌జీ, అమెరికా ప్రత్యేక దళాలు కలిసి చేసిన తర్కష్ అనే ఉగ్రవాద వ్యతిరేక విన్యాసం చెన్నైలో ఫిబ్రవరిలో ముగిసింది. అది ఈ ఊరికి మంచి కాలం. మీకు ఏప్రిల్, మే వస్తే మీ అసలు శత్రువు ఉగ్రవాది వేషం వేసుకున్నవాడు కాదు, ఎండ.

గాలి వేడి 36 డిగ్రీలే అని చూసి పర్వాలేదనుకోకండి. చెన్నైలో చెమట ఆరదు, ఆరని చెమట ఒళ్లు చల్లబరచదు. అందుకే వేడిని, ఉక్కను, ఎండను కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ మీటరు కావాలి. అందులో తడి బల్బుకు 70 శాతం, ఎండ తగిలే నల్ల గోళానికి 20 శాతం, మామూలు వేడికి 10 శాతం లెక్క. అమెరికా సైన్యం పద్ధతిలో అది 32.2 డిగ్రీలు చేరితే నల్లజెండా, అంటే బరువైన శ్రమ ఆపేయాల్సిందే. మే మధ్యాహ్నం మన తీరంలో అది తేలిగ్గా చేరుతుంది.

చల్లటి దేశం నుంచి వచ్చినవాళ్లు ఈ వాతావరణానికి అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. వచ్చిన మూడో రోజే ఫుల్ కిట్‌తో మెట్లెక్కించే కార్యక్రమం ఉంటే అభ్యంతరం చెప్పండి, రాతలో చెప్పండి.

నీళ్లు ఎక్కువైనా ప్రమాదమే. గంటకు 1.4 లీటర్లు, రోజుకు 11 లీటర్లు దాటకూడదు. ఉప్పు లేకుండా నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. వడదెబ్బలాగే ఉంటుంది కానీ ఒళ్లు అంతగా కాలదు, మూత్రం తెల్లగా బోలెడు పోస్తాడు. వాడికి ఇంకో రెండు లీటర్లు పట్టిస్తే చంపినట్టే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. ఉప్పేసిన మజ్జిగ భేషుగ్గా పనిచేస్తుంది, విదేశీయులకు మాత్రం మొదటి రోజు కొంచెమే ఇవ్వండి.

అసలు వడదెబ్బ వరుస. మనిషి తికమకగా మాట్లాడుతున్నాడు, లోపలి వేడి 40 దాటింది. చంకలో పెట్టి చూస్తే తక్కువే చూపిస్తుంది, నమ్మొద్దు. అప్పుడు:

1. 'ఇది నిజం' మాట, మూడుసార్లు.
2. నీడలోకి లాగి, హెల్మెట్, జాకెట్, బూట్లు తీసేయండి.
3. టార్పాలిన్ మీద పడుకోబెట్టి నలుగురు అంచులు పైకెత్తి పట్టుకోవాలి. అందులో ఐసు, నీళ్లు పోసి అటూ ఇటూ ఊపుతుండాలి. తల పైకి ఉండాలి.
4. లోపలి వేడి 38.9కి దిగగానే బయటికి తీయండి.
5. అప్పుడు అంబులెన్సు.

ముందు చల్లార్చాలి, తర్వాతే తరలించాలి. ట్రాఫిక్‌లో గంట కూర్చుంటే మెదడు ఉడుకుతూనే ఉంటుంది. ఐసు ఎక్కడిది అంటారా? కాశిమేడు చేపల రేవు ఉన్న ఊరు మనది. ఐస్ ఫ్యాక్టరీతో ముందురోజే మాట్లాడి, దంచిన ఐసు థర్మాకోల్ పెట్టెల్లో తెప్పించి పెట్టండి. సాయంత్రానికి కరిగిపోయిందని లెక్కల గుమాస్తా గొణుగుతాడు. గొణగనివ్వండి.

## 9. విన్యాసం రోజు వరుస

తెల్లవారుజామున సిక్ రిపోర్ట్. విరేచనాలు, జ్వరం, నిద్రలేమి ఉన్నవాళ్లను ఆ రోజు తాడు పట్టుకుని హెలికాప్టర్ నుంచి దిగే పనికి పంపొద్దు. విదేశీ దళాల్లో ఎక్కువమందిని పడగొట్టేది కడుపే. అందుకే వంటింటి నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో రోజూ చూడాలి. కలిపిన గంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాము మిగలాలి.

తర్వాత ఐదు నిమిషాల బ్రీఫింగు. అసలు అంబులెన్సు ఎక్కడుంది, 'ఇది నిజం' మాట ఏది, నీళ్లు ఎక్కడ, ఇవాళ జెండా రంగేంటి. అంతే. పవర్‌పాయింట్లు వద్దు.

డ్రిల్లు మొదలయ్యాక క్షతగాత్రుడి ప్రయాణం ఇలా ఉండాలి:

- కాల్పులు జరుగుతున్న చోట ఒకటే చికిత్స: రక్తం చిమ్ముతుంటే టూర్నికెట్, గాయానికి ఎగువన బట్టల మీదనుంచే, ఎంత పైకి వీలైతే అంత పైకి. తర్వాత లాక్కుని మరుగుకు.
- మరుగులో 'మార్చ్' వరుస: ముందు భారీ రక్తస్రావం, తర్వాత శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, చివరగా ఒళ్లు చల్లబడకుండా చూడడం, తల గాయం.
- క్షతగాత్రులను చేర్చే చోట విభజన, అంటే ఎవరిని ముందు చూడాలో రంగులతో తేల్చడం: ఎరుపు ముందు, తర్వాత పసుపు, ఆపైన ఆకుపచ్చ, నలుపు చివర. నడవగలిగినవాడు ఆకుపచ్చ. నడవలేనివాళ్లలో శ్వాస నిమిషానికి 30 దాటినా, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 2 సెకన్లు దాటినా, చెప్పింది చేయలేకపోయినా ఎరుపు. ఇవేవీ లేకపోతే పసుపు. శ్వాసమార్గం తెరిచినా ఊపిరి లేకపోతే నలుపు.
- అప్పగింతలో నాలుగు మాటలు: ఎలా తగిలింది, ఎక్కడ తగిలింది, ఇప్పుడెలా ఉన్నాడు, ఏం చేశాం.

ఈ వరుసను విదేశీ మెడిక్‌తో మన బీఎఫ్‌ఎన్‌ఏ (బ్యాటిల్‌ఫీల్డ్ నర్సింగ్ అసిస్టెంట్) కుర్రాడిని జత చేసి చేయించండి. వాళ్ల పట్టీ మన చేతిలో, మన స్ట్రెచరు వాళ్ల చేతిలో. సాధన అంటే అదీ. ఎవరి డ్రిల్లు వాళ్లు పక్కపక్కనే చేసుకుని చేతులు కలిపి ఫొటో దిగడానికి ఇంత దూరం రానక్కర్లేదు.

రసాయన దాడి డ్రిల్లు ఉంటే (తర్కష్‌లో తొలిసారి దాన్ని చేర్చింది ఈ చెన్నైలోనే) సూట్ల లోపల ఎండ రెట్టింపవుతుందని గుర్తుంచుకోండి. సూటులో ఎవరు ఎన్ని నిమిషాలున్నారో ఒకరు గడియారం పట్టుకుని రాయాలి. రసాయన విషానికి విరుగుడైన అట్రోపిన్ సూదులు శిక్షణవే ఉన్నాయా అని ఇద్దరు విడివిడిగా చూడాలి.

దళాలతో వచ్చే కుక్కలను మర్చిపోవద్దు. వాటికీ వడదెబ్బ తగులుతుంది, మనకంటే ముందే. నీళ్లు, నీడ, మధ్యాహ్నం పని లేకుండా చూడండి. మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, కుక్కకు వేయొద్దు. వేపేరిలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, ఆ దారి కూడా డ్రైవర్ల పట్టీలో ఉండాలి.

## 10. నేను చూసిన తప్పులు, దిద్దుబాట్లు

పాముకాటుకు టూర్నికెట్. వారమంతా టూర్నికెట్ సాధన చేసినవాడి చేయి వెంటనే దానికే పోతుంది. పాముకాటుకు అది కట్టకూడదు. కాలు కదలకుండా బద్ద కట్టి, మోసుకుని ఆసుపత్రికి. కట్లపాము రాత్రిపూట కరిస్తే నొప్పి, గాటు కూడా తెలియకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే పాము అనుకునే చూడండి. ప్రతి టెంటులో దోమతెర, మడత మంచం ఉంటే సగం బెడద పోతుంది.

ఐబుప్రొఫెన్ అలవాటు. అమెరికన్ సైనికులు దాన్ని 'విటమిన్ ఎం' అని సరదాగా అంటారు, నొప్పి ఏదైనా 800 మిల్లీగ్రాములు వేసేసుకుంటారు. ఎండలో ఒళ్లు ఎండిపోయినవాడికి అది కిడ్నీల మీద దెబ్బ. పైగా ఇది డెంగ్యూ ఉన్న ఊరు. జ్వరం ఉంటే పారాసెటమాల్ తప్ప ఇంకేదీ వద్దని మొదటి రోజే చెప్పండి.

కంటికి దూది అదిమి కట్టడం. ఖాళీ తూటా పేలినా దగ్గరనుంచి తగిలితే కన్ను పోతుంది. చిట్లిన కంటి మీద ఒత్తిడి పడకూడదు. గట్టి కవచం పెట్టండి, లేకపోతే కాగితం కప్పు అడుగుభాగం కత్తిరించి పెట్టండి.

చెవిని తేలిగ్గా తీసుకోవడం. పెద్ద చప్పుడు, వెలుగుతో పేలే స్టన్ గ్రెనేడ్ తర్వాత చెవిలో గుయ్‌మనడం మరునాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. "అదే పోతుంది సార్" అనేవాణ్ణి చేయి పట్టుకుని తీసుకెళ్లండి.

మడమ బెణికిందని నడిపించడం. నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించండి.

వెనకనుంచి హెలికాప్టర్ దగ్గరికి పోవడం. పైలట్ కంటికి కనిపిస్తూ, సైగ వచ్చాక, వంగి, ముందువైపు నుంచే.

## 11. ముగిశాక

అందరూ ఫొటోలకు, బడాఖానా విందుకు పోతారు. మీరు మాత్రం ఇంకో గంట ఉండాలి.

- నటించిన పిల్లలను పేరు పేరునా పిలిచి లెక్కపెట్టండి. ఏ మెట్ల కింద 'శవం'గా పడుకున్నవాడు అక్కడే నిద్రపోయాడో తెలియదు.
- మత్తుమందుల రిజిస్టరు: తెచ్చినవి, వాడినవి, మిగిలినవి, పగిలిన ఆంప్యూల్ గాజుముక్కలతో సహా. ఇద్దరు సంతకం.
- నిజమైన కేసుల జాబితా విడిగా రాయండి. ఎప్పుడు తెలిసింది, టీమ్ ఎన్ని నిమిషాల్లో చేరింది, ఎక్కడ ఆలస్యమైంది. ఉత్తుత్తి కేసులు ఇందులో కలపొద్దు.
- విదేశీ పేషెంటు కాగితాలు అతని దేశం డాక్టరుకు, నకలు మీకు. మందుల పేర్లు మన పేరు, వాళ్ల పేరు రెండూ రాయండి.
- జ్వరం, విరేచనాలు వస్తే తిరిగెళ్లాక కూడా వాళ్ల డాక్టరుకు 'నేను చెన్నైలో ఉండొచ్చాను' అని చెప్పమనండి. డెంగ్యూ, మలేరియా చీటీ చూపించి రావు.

ఆఖరున నీలం పెట్టె, ఎర్ర పెట్టె పక్కపక్కన తెరిచి సామాను లెక్కపెట్టండి. నీలం టూర్నికెట్ ఒక్కటి తగ్గినా అది ఎవరి జేబులోనో, ఏ అసలు బ్యాగులోనో దూరి ఉంటుంది. అది దొరికేదాకా బస్సు కదలనివ్వొద్దు.